పెద్దమ్మకు నేను పెట్టిన దినం

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు ఏడుపంటే చాలా గౌరవం ఉండేది. చదివినవాళ్లు కళ్లు తుడుచుకుంటేనే అది పుస్తకమని, నవ్వితే అది కాలక్షేపమని గట్టిగా నమ్మేవాణ్ని. అప్పట్లో నేను చదివినవి అలాంటివి కావచ్చు. అప్పటిదాకా నాకు బాగా కావలసినవాళ్లెవరూ పోకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. ఆ తర్వాత ఒక్కొక్కరే పోయారు, నేను రాసే వాక్యాలు కూడా ఆ మేరకు చిన్నవవుతూ వచ్చాయి. పోయిన నెల పెద్దమ్మ పోయింది. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయింది. దినానికి వెళ్లి విస్తరి ముందు కూర్చున్నాను. కూర వడ్డిస్తుంటే ఉన్నట్టుండి నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను గానీ కాలేదు. పక్కన కూర్చున్న పిల్లలు నన్ను వింతగా చూశారు. వాళ్ల తప్పేం లేదు. ఆమెకు అది రెండో దినమని వాళ్లకు తెలియదు. మొదటిది ఇరవై ఏళ్ల కిందట నేనే పెట్టాను. దానికి ఆమె దగ్గరుండి వంట చేసింది.

అప్పుడు నేను హనుమకొండ బస్టాండు వెనక సందులో ఒక చిన్న ప్రెస్సులో పనిచేసేవాణ్ని. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ కార్డులు కంప్యూటర్ మీద కంపోజు చేయడం నా పని. యజమానిని అందరూ సేటు అనేవారు. (వాళ్లది వరంగల్‌లో మూడు తరాల కిరాణా దుకాణం. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఈయన వాటాకు ప్రెస్సు వచ్చింది. పసుపు, ఎండుమిర్చి ఎంత శ్రద్ధగా అమ్మేవారో కార్డులూ అంతే శ్రద్ధగా అమ్మేవాడు, ఇదిగో ఈ రకం చూడండి, దీని రంగు చూడండి అంటూ.) సేటు నన్ను 'రైటర్ సాబ్' అని పిలిచేవాడు. అది మెచ్చుకోలు కాదు. ఒకసారి ఒక పెళ్లి కార్డులో 'వివాహము' అన్న మాట పక్కన నా సొంతంగా 'రెండు జీవనదుల సంగమం' అని చేర్చాను. పెళ్లికూతురి తండ్రి ప్రూఫు పట్టుకుని వచ్చి, "మా బిడ్డ పెండ్లిల నీళ్లెందుకొచ్చినయ్ సేటూ?" అని అడిగాడు. అప్పటి నుంచి నాకు ఆ పేరు స్థిరపడింది.

నేను హసన్‌పర్తిలో ఒక ఇంటి ముందు గదిలో అద్దెకుండేవాణ్ని. ఆ ఇల్లు ఒక కోయ దంపతులది. ఆయన ఏటూరునాగారం రూటులో ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరు అడవి లోపల. ఉద్యోగం కోసం ఇటు వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. నేను ఆయన్ని పెద్దబాపు అని, ఆమెను పెద్దమ్మ అని పిలిచేవాణ్ని. నాతో తెలుగు మాట్లాడేవాళ్లు. నాకు తెలియకూడని సంగతులు వచ్చినప్పుడు ఇద్దరూ కోయలోకి మారిపోయేవాళ్లు. నేను దిగడానికి ఏడాది ముందు వాళ్లిద్దరూ నార్వే వెళ్లొచ్చారు. ఎన్నో దేశాల అడవి మనుషులు ఒకచోట కలుసుకునే సభ అట. ఏ నెలలో ఏ గడ్డ తవ్వాలో, ఏ ఆకు వండాలో పెద్దమ్మకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఒక సంఘం వాళ్లు ఆమెను రమ్మన్నారు. ఆయన లేకుండా ఊరు దాటనని ఆమె అనడంతో ఇద్దరినీ తీసుకెళ్లారు.

ఇంత గొప్ప కథావస్తువు నా గోడకు అవతలే నిద్రపోతుంటే నేను ఊరుకుంటానా? ఎన్నోసార్లు అడిగాను. పెద్దబాపు కండక్టరు భాషలో చెప్పేవాడు. "పోయినం. సలి. అచ్చినం." పెద్దమ్మ ఇంకా తక్కువ చెప్పేది. చివరికి ఒకరోజు చుట్ట ముట్టించుకుంటూ పెద్దబాపు ఒక్క ముక్క అదనంగా వదిలాడు. "ఆడ పండ్లు పెట్టిండ్రు. నల్లయి, గింతగింతయి. ఈమె ముట్టలే." నాకు ఒళ్లు జలదరించింది. ముట్టలేదు! పరాయి నేల మీద పండిన పండును ముట్టలేదు! ఇంకేమీ అడగలేదు. (అడిగి ఉంటే ఈ కథ లేదు.) గదిలోకి వెళ్లి తలుపేసుకుని నవల మొదలుపెట్టాను. నాలుగు నెలల్లో రెండు వందల నలభై పేజీలు రాశాను. పేరు 'మంచులో మోదుగు కన్నీరు'. అందులో అడవి దంపతులు విదేశం వెళ్తారు. ఆమె అడవి మీద బెంగతో అన్నం ముట్టదు. చివరికి మంచు కురుస్తుండగా పరాయి దేశంలో ప్రాణం విడుస్తుంది. ఆ చివరి అధ్యాయం రాస్తూ నేనే మూడుసార్లు లేచి మొహం కడుక్కున్నాను.

నాకు తెలిసిన ప్రచురణకర్త సేటు ఒక్కడే. పని లేని రోజుల్లో, మిగిలిన కాగితం మీద అచ్చేస్తానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. "ఉన్న మనుషుల మీద రాసినవ్ రైటర్ సాబ్. వాళ్లకు సదివి వినిపించు. సరే అని సంతకం పెట్టియ్యి. లేకుంటె నా మెషిన్ తిరుగది." కల్పిత రచనకు సంతకాలేమిటని వాదించాను. "కల్పితమయితె వాళ్లు సంతకం పెడ్తె నీకేం బాధ?" అన్నాడు. కిరాణా కుటుంబం నుంచి వచ్చిన మనిషితో వాదనలో గెలవడం కష్టం.

అలా నా మొదటి నవల బతుకు ఆ దంపతుల సంతకం మీద ఆధారపడింది. ఐదు ఆదివారాలు పొద్దున పూట వెనక వసారాలో కూర్చుని చదివాను. మొదటి వాక్యమే 'విమానమనే ఇనుప గద్ద తన గోళ్లలో ఆ అమాయక పావురాల జంటను ఎత్తుకుపోయింది' అని ఉంటుంది. పెద్దమ్మ చేతిలో చాట ఆగింది.

"గద్దేంది బిడ్డా? లోపట సీట్లుంటయ్. బస్సు లెక్కనే. జర ఇరుకు."

"అది పోలిక పెద్దమ్మా."

"గద్దకు సీట్లుంటయా?"

పెద్దబాపుకు తన పాత్ర మీదే అభ్యంతరం. నవలలో ఆయన అక్షరం ముక్క రాని వేటగాడు. విమానం కదలగానే భయంతో కళ్లు మూసుకుని, సీటును కరుచుకుని, కొండదేవతను తలుచుకుంటాడు. ఆయన చుట్ట పక్కన పెట్టి చాలా నిదానంగా అడిగాడు. "నా చేతికి విల్లు ఎప్పుడిచ్చినవ్ రా? నేను ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టిన." తర్వాత అసలు సంగతి బయటపడింది. విమానంలో ఆయన భయపడలేదు, అసలు కూర్చోలేదు. నడుస్తున్న బండిలో ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషికి కూర్చుంటే కళ్లు తిరుగుతాయట. పైన సామాను పెట్టే అల్మారా పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, దారిలో నిలబడ్డాడు. విమానంలో పనిచేసే అమ్మాయి మూడుసార్లు వచ్చి కూర్చోబెట్టింది. మూడుసార్లు లేచాడు.

"ఊకె నిలబడలే," అంది పెద్దమ్మ. "ముందు కాడ్నుంచి ఎనుక దాక మనుషులను లెక్కవెట్టుకుంట పోతాండు. నాకు సిగ్గయింది."

"రెండు వందల పదమూడు మంది," అన్నాడు పెద్దబాపు. "ఇద్దరు బాత్రూంల ఉండె."

ఇవేవీ నా నవలలో పెట్టడానికి వీల్లేదనుకున్నాను. అంత విషాదగాథలో మనుషుల్ని లెక్కపెట్టే పావురమా! "ఇది కల్పన పెద్దబాపూ" అన్నాను. కల్పనంటే ఏమిటన్నాడు. లేనిది రాయడమన్నాను. "లేనిది రాసి ఉన్నోళ్లను సంతకం పెట్టుమంటివి. గిదేం పంచాయితీ రా?" అన్నాడు. అయినా ఇద్దరూ మర్యాద కోసం వింటూ వచ్చారు. మధ్యలో ఆయన రెండుసార్లు నిద్రపోయాడు. ఆమె ఒక గంపెడు చింతకాయ ఒలిచింది.

ఐదో ఆదివారం చివరి అధ్యాయానికి వచ్చాం. తొమ్మిది రోజులుగా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టని ఆ తల్లి, వాళ్లిచ్చిన నల్ల పండ్ల గిన్నెను పక్కకు నెట్టి, ఆసుపత్రి కిటికీలోంచి మంచును చూస్తూ, గుప్పెడు అడవి మట్టి కోసం చేయి చాపుతుంది. ఆమె కంటి నుంచి జారిన చుక్క చెంప మీదే మంచు ముత్యమై నిలిచిపోతుంది. ఎక్కడి నుంచో ఒక పక్షి ఎగిరిపోతుంది. సమాప్తం. కాగితాలు కింద పెట్టి తలెత్తి చూశాను. పెద్దమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది పెద్దమ్మా."

"నేను సచ్చిన్నా?"

తలూపాను.

"ఎందుకు సంపినవ్ బిడ్డా? నేనేం జేసిన నిన్ను? దినామ్ పొద్దున చాయ్ పోసినందుకా?" అని, ఇంకో కాయ తుంచి, "సంపితె ఈయనను సంపాలె. ఈయనకు షుగరున్నది" అంది.

"నన్నెందుకు నడుమల లాగుతవ్?" అన్నాడు పెద్దబాపు.

ఆ తర్వాత ఇద్దరూ కోయలోకి మారిపోయారు. చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యమధ్య నా వైపు చూశారు. నేను బోనులో ముద్దాయిలా చాప మీద కూర్చున్నాను. చివరికి పెద్దమ్మ తెలుగులోకి వచ్చింది.

"దినం ఎవలు జేసిండ్రు?"

పేజీలు తిరగేశాను. దినం లేదు. పక్షి ఎగరడంతో అయిపోయింది.

"అంటె నన్ను గా మంచులనే పారేసి అచ్చిండ్రా?"

"ఇది పుస్తకం పెద్దమ్మా..."

"పుస్తకమయితె నలుగురు సదువుతరు గద. సదివినోళ్ల లెక్కల నేను సచ్చినట్టె. దినం లేకుంట సచ్చినట్టు. మా దాంట్ల గట్ల జరుగది. దినం పెట్టకుంటె పోయిన మనిషి ఇల్లు దొరకక తిరుగుతనె ఉంటది. సంపినోనివి నువ్వు. నువ్వే పెట్టాలె. పెట్టినంక సంతకం."

ఆమె మొహంలో నవ్వు లేదు. (ఆ మాట వేళాకోళంగా అందో నిజంగానే అందో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆమె బతికుండగా నాలుగైదుసార్లు అడిగాను. ప్రతిసారీ కోయలో జవాబు చెప్పింది.) పెద్దబాపు ఏర్పాట్లు తేల్చేశాడు. "వచ్చే ఐతారం. మనం ముగ్గురమే గద, ఒక కోడి సాలు." పెద్దమ్మ లేచి లోపలికి వెళ్తూ గడప దగ్గర ఆగింది. "కార్డు గూడ కొట్టు బిడ్డా. నీకు మంచిగ అచ్చే పని అదొక్కటే." పాస్‌పోర్టుకు తీసిన ఫోటోలు ఇంకా నాలుగు మిగిలాయని, అందులోంచి ఒకటి తెచ్చి ఇచ్చింది.

కార్డు మాత్రం నిజంగా మనసు పెట్టి చేశాను. నల్ల అంచు, మూలల్లో తమలపాకులు, మధ్యలో కోపంగా చూస్తున్న పెద్దమ్మ ఫోటో. కింద ఆమె పూర్తి పేరు, 'అడవి ఒడిలో పూసి, మంచు ఒడిలో రాలిన' అని నా వాక్యం, ఆ కింద ఆదివారం పగలు పన్నెండు గంటలని, హసన్‌పర్తి ఇంటి చిరునామాతో సహా. రెండు ప్రూఫులు తీశాను. ఒకటి తెచ్చి చూపించాను. అక్షరాలు కూడబలుక్కుని చదివి, "అడ్రసు సరిగనె రాసినవ్" అని మెచ్చుకుని, దేవుడి పటం పక్కన పెట్టుకుంది. రెండోది ప్రెస్సులో నా బల్ల మీద ఉండిపోయింది.

కొత్త రకం కార్డు ఏది చేసినా ఒకటి గుమ్మం పక్కన బోర్డు మీద అంటించడం సేటుకు అలవాటు. వచ్చినవాళ్లు చూసి ఎంచుకుంటారు. సేటుకు పెద్దమ్మ పేరు తెలియదు, మొహం తెలియదు. తమలపాకుల డిజైను బాగుందనుకున్నాడు, అంటించాడు. మా ప్రెస్సు పక్కనే చాయ్ దుకాణం. బస్టాండులోని డ్రైవర్లు, కండక్టర్లు అందరూ అక్కడే తాగుతారు. వాళ్లలో ఒక డ్రైవరు పెద్దబాపుతో పదిహేనేళ్లు ఒకే బస్సులో పనిచేసినవాడు. గ్లాసు చేతిలో పట్టుకుని బోర్డు వైపు చూశాడట, చాయ్ అట్లాగే వదిలేసి వెళ్లి బస్సెక్కాడట. ఆ బస్సు ములుగులో ఆగింది, పస్రాలో ఆగింది, తర్వాత చేయెత్తిన ప్రతి చోటా ఆగింది. ఎక్కినవాళ్లకూ దిగినవాళ్లకూ చెప్పుకుంటూ పోయాడు. అప్పట్లో పెద్దబాపు ఇంట్లో ఫోను లేదు. ఉన్నా, దినం జరిగే ఇంటికి ఫోన్ చేసి నిజమేనా అని ఎవరడుగుతారు?

ఆదివారం వచ్చింది. పెద్దమ్మ పెరట్లో పొయ్యి మీద కోడికూర మొదలుపెట్టింది. పెద్దబాపు స్నానానికి వెళ్లాడు. నన్ను ముందు వాకిట్లో కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు కోయమన్నారు. ఉల్లిగడ్డలు ఘాటువి. పావుగంటలో నా కళ్లు, ముక్కు ఏకధారగా కారుతున్నాయి. అప్పుడు గేటు ముందు రెండు జీపులు ఆగాయి. వాటి వెనక ఒక ట్రాలీ ఆటో. అందులోంచి జనం దిగుతూనే ఉన్నారు. ఖాకీ బట్టల్లో డ్రైవర్లు, కండక్టర్లు, నెత్తిన బియ్యం మూటలతో ఆడవాళ్లు, మెడలో డోలు వేసుకున్న ఒకాయన, అందరికంటే ముందు చంకలో కొత్త చీర పెట్టుకున్న ఒక ముసలాయన. నలభై మందికి తక్కువ ఉండరు. నేను కత్తి చేతిలో పట్టుకునే పోయి గేటు తీశాను. కన్నీళ్లతో నిండిన నా మొహం చూడగానే వాళ్లకు మిగిలిన కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ముసలాయన నన్ను గట్టిగా కౌగిలించుకుని ఏడవడం మొదలుపెట్టాడు. వెనక ఆడవాళ్లు అందుకున్నారు. డోలు మొదలైంది. నేను "కాదు, కాదు" అంటున్నాను. "అవు బిడ్డా, నమ్మబుద్ధి గాదు" అని ఒక కండక్టరు నా వీపు నిమిరాడు.

ఆ ముసలాయన పెద్దమ్మ సొంత అన్న. ఆయనకు చెప్పకుండా చెల్లెలు విమానం ఎక్కిందని అలిగి, రెండేళ్లుగా ఈ గడప తొక్కలేదు. ఇప్పుడు ఆ రెండేళ్ల కోపం, దుఃఖం కలిపి ఒకేసారి వస్తున్నాయి. "ఇమానమెక్కంగ చెప్పకపోతివి, చెల్లే! పోయేటప్పుడన్న ఒక్క మాట చెప్పకపోతివి, చెల్లే!" అని గుండెలు బాదుకుంటున్నాడు. అది వింటుంటే నాకు ఉల్లిగడ్డల వల్ల కాకుండా కూడా కళ్లు తడిశాయి. నేను రెండు వందల నలభై పేజీల్లో తేలేకపోయిందేదో ఆ మాటలో ఉందని అప్పుడు గుర్తుపట్టలేదు.

గోల విని పెరట్లోంచి పెద్దమ్మ వచ్చింది, గరిటెతో. ఒక మూలగా నిలబడి అందరినీ చూసింది.

"ఎవలు పోయిండ్రు?" అని అడిగింది.

ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. డోలు ఆగలేదు. ఆయన అటు తిరిగి కొడుతున్నాడు. ఎవరో భుజం తట్టాక ఇటు తిరిగి చూసి, ఇంకో రెండు దెబ్బలు అలవాటుగా కొట్టి ఆపాడు. అన్న వాకిట్లోనే కూలబడ్డాడు. తలకు తువ్వాల చుట్టుకుని పెద్దబాపు బయటికొచ్చి, జనాన్ని చూసి, పెదాలు కదుపుతూ ముందు లెక్కపెట్టాడు. "నలభై మూడు," అన్నాడు. "కోడి సాలది."

పెద్దమ్మ నెమ్మదిగా అన్న దగ్గరికి వెళ్లింది. "రెండేండ్లకు ఇల్లు యాదికచ్చిందా? నేను సచ్చినంక?"

ఆమె చూపు చంకలోని చీర మీద పడింది. "గా చీర నాకేనా? ఇటియ్యి."

"బతికున్నదానికి చీరెందుకు?" అని ఆయన వెనక్కి లాక్కున్నాడు. ఆమె ఆ చీర కొస పట్టుకుని లాగింది. నలభై మంది ముందు అరవై ఏళ్లు దాటిన అన్నాచెల్లెళ్లు కొత్త చీరను చెరో కొస పట్టుకుని లాక్కున్నారు. చివరికి ఆయనే వదిలాడు. ఆమె అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. "గింత పలసనిదా? నేనింతనేనా నీకు?" అని చీర భుజాన వేసుకుంది. అప్పుడు ఆయన మళ్లీ ఏడ్చాడు, ఈసారి శబ్దం లేకుండా. ఆమె గరిటె నాకిచ్చి, ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

కాసేపటికి అందరికీ ఒకే ప్రశ్న తోచింది. ఇదంతా ఎవరు చేశారు? పెద్దమ్మ నా వైపు వేలు చూపించింది. "గీ పొలగాడు. నన్ను నార్వేల సంపిండు. అందుకె దినం వెడ్తాండు." నలభై జతల కళ్లు నా మీదికి తిరిగాయి. నా ఒక చేతిలో గరిటె, రెండో చేతిలో కత్తి. కత్తి కింద పెట్టాను.

"నార్వేల ఎందుకు సంపినవ్ రా?" అని అడిగాడు అన్న.

"సాహిత్యం కోసం" అన్నాను. (ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా మొహం దాచుకోవాలనిపిస్తుంది.)

"ఎట్ల సంపినవో సదువు. వింటం."

ఒక జీపు ఊళ్లోకి కోళ్ల కోసం వెళ్లింది. ఆడవాళ్లు తెచ్చిన బియ్యం పొయ్యెక్కింది. నేను లోపలికి వెళ్లి రాతప్రతి తెచ్చి, వాకిట్లో నిలబడి చివరి అధ్యాయం చదివాను. ఇంతమంది శ్రోతలు నాకు తర్వాత ఎప్పుడూ దొరకలేదు. 'తొమ్మిది రోజులు అన్నం ముట్టని ఆ తల్లి' దగ్గర వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "తొమ్మిది రోజులా? ఈమెనా?" అన్నాడు పెద్దబాపుతో పనిచేసిన డ్రైవరు. "డ్యూటీల ఈమె సద్ది కడ్తె నేను గూడ తింటుంటి. ఇద్దరు తిన్నా మిగిలేది." మంచు ముత్యం వచ్చేసరికి ఒకావిడ పక్కామె భుజం మీద పడి నవ్వుతోంది. పక్షి ఎగిరేసరికి డోలాయన ఒక దెబ్బ వేశాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది పెద్దమ్మ. కొత్త చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "జర ఆగు బిడ్డా, మల్లొక్కసారి సదువు, ఎట్ల సచ్చిన్నో" అంది. నా పాఠకులు కళ్లు తుడుచుకోవాలన్న కోరిక అలా తీరింది.

నేను కాగితాలు మడిచి కూర్చున్నాను. నా మొహం చూసి జాలేసిందేమో, అన్న మాట మార్చాడు. "అది సరే చెల్లే, గా పండ్లెందుకు ముట్టలే? మంచిగ లేకుండెనా?"

అప్పుడు పెద్దమ్మ చెప్పింది. నాకు ఎప్పుడూ చెప్పని సంగతి, ఎందుకంటే నేను ఎప్పుడూ అడగలేదు. "మంచిగనె ఉండె. కని అవి కొత్త కాయ. గా ఏడాది మొదటియట. కొత్తది పెద్దలకు పెట్టకుంట నోట్ల ఎట్ల ఏసుకుంట? మనకు తెల్వని జాగ. ఎవలకు పెట్టాల్నో, ఏడ పెట్టాల్నో తెల్వకపాయె. ఆకలయితాంది. పండ్ల దిక్కు సూస్కుంట కూసున్న. ఆడ ఇంకో ముసలామె, జింకలు మేపుకునే ఆమె, నన్ను సూసింది. మాట రాదు గద, చేతులతోని చెప్పిన. ఆమెకు తెలిసింది. తెల్లారి బిల్డింగు ఎనుక ఒక బండ కాడికి తోల్కపోయింది. ఆకు ఏసి మా పెద్దలకు పెట్టిన. ఆమె పెద్దలకు గూడ పెట్టిన. ఇంక గిన్నె మొత్తం తిన్న."

"నాలుకంత నల్లగయింది," అన్నాడు పెద్దబాపు.

"రెండొద్దులు కడుపునొచ్చింది," అంది పెద్దమ్మ.

అంతే. వాకిట్లో ఉన్న చుట్టాల్లో ఒక్కరికీ అందులో వింత కనిపించలేదు. కొత్త పంటైనా కొత్త పండైనా పెద్దలకు పెట్టాకే తింటారని అక్కడి పిల్లలకు కూడా తెలుసు. తలలూపి, నీళ్లు తాగి, కూర ఎందాక వచ్చిందో చూడ్డానికి లేచారు. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. ఆమె ఆకలితో, మర్యాదతో ఒక్క రోజు ఆగింది. నేను దాన్ని బెంగ చేసి, బెంగను జబ్బు చేసి, జబ్బుతో ఆమెను చంపేశాను. ఆ బండ, ఆ జింకల ముసలామె, ఆ ఆకు, నల్లబడ్డ నాలుక, ఇవన్నీ గోడకు అవతలే ఉన్నాయి. నేను తలుపేసుకుని పోలికలు వెతుక్కున్నాను.

భోజనాలు సాయంత్రం నాలుగింటికి అయ్యాయి. దినం చాలా బాగా జరిగిందని అందరూ అన్నారు. (పెద్దమ్మకు కూరలో ఉప్పు తక్కువైందట. ఉప్పు వేసింది నేను.) అన్న ఆ రోజు వెళ్లలేదు, వారం ఉన్నాడు. జీపులు వెళ్లిపోయాక పెద్దమ్మ చేయి కడుక్కుని, పెన్ను తెమ్మంది. నేను వద్దన్నాను. ఈ నవల అచ్చు వేయనన్నాను, నిజంగానే అన్నాను.

"ఎందుకెయ్యవ్? నాలుగు నెలలు కరెంటు కాల్చినవ్. ఎయ్యి. కని నన్ను ఇంటికి తోల్కరా."

"ఎట్ల రాయాలె పెద్దమ్మా?"

"ఇంటికచ్చినం. కాళ్లు కడుక్కున్నం. పొయ్యి ముట్టించిన. గిట్ల రాయి."

"అంతేనా?"

"ఇంకేం గావాలె? ఇల్లు గద."

సంతకం పెట్టింది. పెద్దబాపు కూడా పెట్టాడు, విల్లు తీసేస్తానని నాతో ఒట్టు వేయించుకుని. నేను రెండు నెలలు కూర్చుని తిరగరాశాను. గద్ద పోయింది, పావురాలు పోయాయి, మంచు ముత్యం పోయింది. విమానంలో మనుషుల్ని లెక్కపెట్టే కండక్టరు వచ్చాడు. రెండు వందల నలభై పేజీలు తొంభై అయ్యాయి. సేటు కాగితం మిగిలిందని సంతోషించి అచ్చేశాడు. మొదటి కాపీ తీసుకెళ్లి వసారాలో చివరి పేజీ చదివాను. ఇంటికొచ్చారు. కాళ్లు కడుక్కున్నారు. ఆమె పొయ్యి ముట్టించింది. బయట వెన్నెల పిండారబోసినట్టుంది.

పెద్దమ్మ తలెత్తింది. "వెన్నెలేడిది బిడ్డా? మేం ఇల్లు చేరంగ పొద్దుగాల పదయింది."

"పదీ ఇరవై," అన్నాడు పెద్దబాపు.

నేను తల దించుకున్నాను. తొంభై పేజీలు ఉగ్గబట్టుకున్నాను గానీ చివరి వాక్యం దగ్గర చేయి ఆగలేదు. ఆమె నా వంక చూసి, "సరే తీ, పదింటికి వెన్నెల" అని లేచి లోపలికి వెళ్లిపోయింది. పెద్దబాపు పోయి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు ఆమె కూడా లేదు. మొన్న ఆ పుస్తకం బయటికి తీశాను. ఇప్పుడైతే ఆ వాక్యం రాయను. వేరేవాళ్ల రాతలో కనిపిస్తే కొట్టేస్తాను కూడా. పెన్ను మూత తీసి పట్టుకున్నాను. ఆ వెన్నెల తప్పని చెప్పగలిగిన ఇద్దరూ పోయారు, ఇక దాన్ని ఎవరూ అడగరు. పొద్దున పదీ ఇరవైకి ఆ ఇంటి ముందు వెన్నెల కాయించి, అది చాలా బాగుందని మురిసిపోయిన ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు కళ్లముందు కనిపించాడు. పెన్ను మూత పెట్టేశాను.